క్యాంపస్‌ హాస్టలా... బయట గదా?

కౌన్సెలింగ్‌లో సీటొచ్చింది. ఫీజు కట్టేశారు. ఇక తేలాల్సింది ఒకటే. పిల్లల్ని కాలేజీ హాస్టల్లో చేర్చాలా? బయట పీజీలో పెట్టాలా? లేక ‘నలుగురం కలిసి గది తీసుకుంటాం’ అంటే సరేననాలా? చాలా ఇళ్లలో దీన్ని ఒక్క అంకెతోనే తేల్చేస్తుంటారు. ఎక్కడ తక్కువైతే అక్కడే! కానీ ఉండే చోటు మారితే తిండి, నిద్ర, తాగే నీళ్లు, జ్వరమొస్తే చూసుకునేవాళ్లు... అన్నీ మారిపోతాయి. వీటన్నింటికీ ఖరీదుంది. కాకపోతే అది ఫీజు రశీదులో కనిపించదు. అందుకే రూపాయల లెక్కనూ, ఆరోగ్యం లెక్కనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

రశీదులో లేని ఖర్చులు

హాస్టల్‌ ఫీజు ఏడాదికి ఒకేసారి కట్టాలి కాబట్టి పెద్దదిగా కనిపిస్తుంది. పీజీ అద్దె నెలనెలా కడతాం కాబట్టి చిన్నదిగా తోస్తుంది. రెండింటినీ సంవత్సరం లెక్కలోకి మార్చి చూస్తే గానీ అసలు తేడా తెలియదు. కింది అంకెలు కేవలం ఉదాహరణకు వేసినవి. వీటి స్థానంలో మీ కాలేజీ, మీ ఊరి అంకెలు వేసుకోండి.

క్యాంపస్‌ హాస్టల్‌: గది, మెస్‌ కలిపి ఏడాదికి రూ.1,20,000 అనుకుందాం. బట్టల ఉతుకుడు, చిల్లర ఖర్చులకు రూ.3,000. అప్పుడప్పుడు బయట తిండికి నెలకు వెయ్యి చొప్పున పది నెలలకు రూ.10,000. మొత్తం రూ.1,33,000.

పీజీ: భోజనంతో కలిపి నెలకు రూ.8,000. సెలవుల్లో ఇంటికొచ్చినా మంచం పోకుండా ఉండాలంటే అద్దె కట్టాల్సిందే. అంటే 12 నెలలకు రూ.96,000. తిరిగిరాని మెయింటెనెన్స్‌ రూ.2,000. బస్సు, ఆటోలకు నెలకు రూ.1,500 చొప్పున పది నెలలకు రూ.15,000. మధ్యాహ్నం డబ్బా ఇవ్వకపోతే క్యాంటీన్‌లో రోజుకు రూ.80 చొప్పున నెలకు 22 రోజులు... పది నెలలకు రూ.17,600. బయట తిండి మరో రూ.10,000. మొత్తం రూ.1,40,600.

నలుగురు కలిసి గది: అద్దెలో వాటా రూ.4,500 చొప్పున ఏడాదికి రూ.54,000. కరెంటు, నీళ్లు, గ్యాస్‌, వైఫై కలిపి రూ.12,000. సరకులు, కూరగాయలు పది నెలలకు రూ.30,000. వంటమనిషికి వాటా రూ.15,000. ప్రయాణం రూ.15,000. బయట తిండి రూ.10,000. మొత్తం రూ.1,36,000. మొదటి ఏడాది పరుపు, స్టవ్వు, గిన్నెలకు మరో పదివేలు కలపాలి. ఇది కాక ఇంటి యజమానికి అడ్వాన్సు.

మొదట ‘హాస్టల్‌ కన్నా పీజీ 24 వేలు చవక’ అనిపించింది కదా! చివరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. అలాగని ప్రతిసారీ హాస్టలే చవకని కాదు. పీజీ కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో ఉండి, మధ్యాహ్నానికి డబ్బా కూడా కట్టిస్తే ఇదే ఖర్చు రూ.1,08,000కు దిగుతుంది. అంటే అద్దె ఒక్కటే చూస్తే చాలదు. కాలేజీ ఎంత దూరం, మధ్యాహ్నం ఎక్కడ తింటారు అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులే లెక్కను తేల్చేస్తాయి.

పన్ను గురించి కూడా తెలుసుకోవాలి. విద్యాసంస్థ తన విద్యార్థులకు నడిపే హాస్టల్‌పై జీఎస్టీ లేదు. బయటి హాస్టళ్లు, పీజీల విషయంలో ఒక్కొక్కరికి నెల అద్దె రూ.20 వేలు దాటకుండా, వరసగా కనీసం 90 రోజులు ఉండేవారికి 2024 జులై నుంచి మినహాయింపు ఇచ్చారు. ‘జీఎస్టీ అదనం’ అని ఎవరైనా బిల్లులో కలిపితే ఎందుకని అడగండి. విద్యారుణం తీసుకుంటుంటే అందులో హాస్టల్‌ ఫీజు కూడా చేర్చుకోవచ్చు. బయట ఉండే ఖర్చుకు ఎంతవరకు ఇస్తారన్నది బ్యాంకును ముందే అడగాలి.

దూరం తినేసే నిద్ర

మన నగరాల్లో ఇంజినీరింగ్‌ కాలేజీలు చాలావరకు ఊరి చివరే ఉంటాయి. పీజీలేమో కోచింగ్‌ సెంటర్లు, మెట్రో ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌, అమీర్‌పేట, కూకట్‌పల్లి లాంటి చోట్ల ఎక్కువ. రానూపోనూ మూడు గంటలు పడితే నెలకు 22 రోజుల్లో 66 గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. ఈ గంటల కోసం పిల్లలు చదువును తగ్గించుకోరు, ఫోన్‌నూ తగ్గించుకోరు. కోత పడేది నిద్రకే. 18 ఏళ్లలోపు వారికి రోజుకు 8-10 గంటలు, ఆ పైబడిన వారికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. రాత్రి ఒంటిగంటకు పడుకుని ఆరింటికి లేచి బస్సెక్కేవారికి ముందుగా దెబ్బతినేవి ఏకాగ్రత, జ్ఞాపకశక్తి. ఆ తర్వాత చికాకు, తలనొప్పి, బరువు పెరగటం. పొద్దున్నే పరుగు కాబట్టి టిఫిన్‌ కూడా ఎగిరిపోతుంది.

హాస్టల్లో ఉంటే నిద్ర చక్కగా పడుతుందన్న భరోసా కూడా లేదు. గదిలో నలుగురుంటే లైటు ఎప్పుడు ఆర్పాలన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. కాకపోతే క్లాసుకు పది నిమిషాల ముందు లేచినా అందుకోవచ్చు.

కంచంలో ఏముంది?

మెస్‌ భోజనం మీద ఫిర్యాదు చేయని విద్యార్థి ఉండడు. రుచి సంగతెలా ఉన్నా వేళకు తిండి దొరకటం మెస్‌కున్న పెద్ద బలం. సొంత గదిలో మొదటి నెల వంట ఉత్సాహంగానే సాగుతుంది. పరీక్షలు దగ్గరపడ్డాక కుక్కర్‌లో అన్నం పడేసి, కర్రీ పాయింట్‌ నుంచి కూర తెచ్చుకోవటం, అదీ కుదరకపోతే నూడుల్స్‌ చేసుకోవటం అలవాటవుతుంది. వీటిలో నూనె, ఉప్పు ఎక్కువ. మాంసకృత్తులు తక్కువ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్‌ అవసరం. 55 కిలోల బరువున్న అమ్మాయికి ఇది సుమారు 46 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరు గ్రాములకు పైగా, గుప్పెడు వేరుసెనగల్లో ఏడు గ్రాముల వరకు లభిస్తుంది. కాబట్టి వారం మెనూ అడిగినప్పుడు బిర్యానీ ఎప్పుడు పెడతారన్నది కాకుండా పప్పు రోజూ ఉంటుందా, గుడ్డు వారానికి ఎన్నిసార్లు ఇస్తారు, పెరుగు గడ్డగా ఉంటుందా, మజ్జిగలా ఉంటుందా అన్నది చూడాలి. అమ్మాయిల విషయంలో ఇది మరింత ముఖ్యం. మనదేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. చేరే ముందే ఒకసారి హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయిస్తే మంచిది.

నీళ్లు, బాత్రూమ్‌

టైఫాయిడ్‌, కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్‌-ఎ కలుషితమైన నీరు, ఆహారంతోనే వస్తాయి. హెపటైటిస్‌-ఎ వైరస్‌ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి సగటున నాలుగు వారాలు పడుతుంది. అందుకే ‘నిన్న తిన్న పానీపూరీ వల్లే’ అనుకుంటాంగానీ అసలు కారణం నెల కిందట తాగిన నీళ్లు కావొచ్చు. ఆర్‌వో యంత్రం ఉందా అని అడిగితే చాలదు. ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు, సంపు, ట్యాంకు ఎప్పుడు కడిగారు అన్నదీ అడగాలి.

బాత్రూమ్‌ ఎంతమందికి ఒకటి? శుభ్రంగా లేదని అమ్మాయిలు నీళ్లు తాగటం తగ్గించేస్తారు, మూత్రం బిగబట్టుకుంటారు. మూత్ర ఇన్‌ఫెక్షన్లకు ఇదో దారి. ఇరుకు గదుల్లో తువాళ్లు, దుప్పట్లు మారిపోతే గజ్జి, తామర అంటుకుంటాయి. గజ్జి వస్తే ఒక్కరికే మందు రాస్తే తగ్గదు. గదిలోని వారంతా ఒకేరోజు చికిత్స తీసుకోవాలి.

జ్వరమొస్తే ఎవరున్నారు?

అద్దె లెక్కలో ఎక్కడా కనిపించనిది, అన్నిటికన్నా విలువైనది ఇదే. వానాకాలంలో డెంగీ సంగతే చూడండి. మొదటి మూడు నాలుగు రోజులు తీవ్రమైన జ్వరం, ఒళ్లునొప్పులు. తర్వాత జ్వరం తగ్గుతుంది. ‘తగ్గిపోయింది, పడుకో’ అని గదిలోని స్నేహితులు క్లాసుకు వెళ్లిపోతారు. నిజానికి డెంగీలో ప్రమాదకర దశ మొదలయ్యేది జ్వరం దిగుతున్న ఆ ఒకట్రెండు రోజుల్లోనే. విడవని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, బాగా నీరసం, అస్థిమితం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ వేళ పక్కన మనిషి లేకపోతే? తాళం వేసిన గదిలో 19 ఏళ్ల కుర్రాడు ఒక్కడే ఉంటే?

మంచి క్యాంపస్‌ హాస్టల్లో వార్డెన్‌, ఆరోగ్య కేంద్రం, అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లే వాహనం ఉంటాయి. కొన్నిచోట్ల ఇవి కాగితం మీదే ఉంటాయి. అందుకే వార్డెన్‌ రాత్రిపూట ఉంటారా, డాక్టరు ఎన్ని గంటలు ఉంటారు అని సీనియర్లనే అడగండి. పీజీ, గది ఎంచుకుంటే ఆ ఊళ్లో బంధువో, స్నేహితుడో ఒకరు గంటలో చేరుకునేలా ముందే మాట్లాడుకోండి. జ్వరానికి పారాసెటమాల్‌ తప్ప ఐబుప్రొఫెన్‌, ఆస్పిరిన్‌ సొంతంగా వేసుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. డెంగీ అయితే అవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి.

మనసు మాటేమిటి?

మొదటి సెమిస్టర్‌లో ఇంటి మీద బెంగ సహజం. గదిలో తోడుంటే అది త్వరగా తగ్గుతుంది. మెస్‌కు రాకపోవటం, క్లాసులు ఎగ్గొట్టడం, ఫోన్‌ ఎత్తకపోవటం హాస్టల్లో నలుగురి కంటా పడతాయి. విడిగా ఉండేవారి విషయంలో ఇంట్లోవాళ్లకు తెలిసేసరికి సెమిస్టర్‌ గడిచిపోవచ్చు. మరోవైపు, మౌనంగా ఉండే కొందరు పిల్లలకు హాస్టల్‌ సందడే భారమవుతుంది. అలాంటివారు ఇద్దరుండే గదిలో కుదుటపడతారు. ర్యాగింగ్‌ జరిగితే 1800-180-5522కు ఫిర్యాదు చేయొచ్చు. యూజీసీ నిబంధనలు క్యాంపస్‌ బయట జరిగే ర్యాగింగ్‌కూ వర్తిస్తాయి. మనసు బాగోలేనప్పుడు టెలిమానస్‌ 14416కు ఎప్పుడైనా ఫోన్‌ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

చూడటానికి వెళ్తే...

* మధ్యాహ్నం భోజన వేళ వెళ్లండి. అక్కడే తినండి. వంటగది, గిన్నెలు కడిగే చోటు చూపించమనండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందేమో గమనించండి.
* గదికి కిటికీ ఉందా? ప్లైవుడ్‌ అడ్డం పెట్టి రెండు గదులు చేశారా? అగ్నిప్రమాదం జరిగితే బయటపడటానికి రెండో దారి ఉందా?
* గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్‌ గీజర్‌ ఉంటే ఆ గది వద్దు. కార్బన్‌ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ప్రాణాలు తీస్తుంది.
* మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు ఎంత తిరిగిస్తారు? ఎన్నాళ్ల ముందు చెప్పాలి? కాగితం మీద రాయించుకోండి.
* దోమతెర కట్టుకునే వీలుందా? ట్యాంకులకు మూతలున్నాయా?

చేరే ముందు...

* టైఫాయిడ్‌, హెపటైటిస్‌-ఎ టీకాల గురించి డాక్టర్ని అడగండి. ఆటలమ్మ ఇంతవరకు రాకపోతే, టీకా వేయించకపోతే ఇప్పుడు రెండు మోతాదులు అవసరమవుతాయి.
* ఆరోగ్య బీమా కార్డు నకలు, రక్తం గ్రూపు, అలర్జీల వివరాలు పిల్లల ఫోన్‌లోనూ, పర్సులోనూ ఉండాలి. సమీపంలో నగదు రహిత చికిత్స ఇచ్చే ఆసుపత్రి ఏదో చూసిపెట్టండి.
* ఉబ్బసం, మధుమేహం, మూర్ఛ వంటివి ఉంటే వార్డెన్‌కూ, గదిలోని స్నేహితులకూ ముందే చెప్పాలి. దాచిపెడితే ఇబ్బంది పడేది పిల్లలే. ఇలాంటివారికి మొదటి ఏడాది క్యాంపస్‌ హాస్టలే మేలు.

ఇంటికి మొదటిసారి దూరమయ్యేవారిని ఒక ఏడాది క్యాంపస్‌లో ఉంచి, ఊరూ స్నేహితులూ అలవాటయ్యాక రెండో ఏడాది కాలేజీకి దగ్గర్లో గది తీసుకోవటం చాలా కుటుంబాలకు కుదిరే దారి. కాలేజీ హాస్టల్లో నీళ్లు, మెస్‌ బాగా లేకపోతే మాత్రం మొదటి ఏడాదైనా మొహమాటపడొద్దు. నడక దూరంలో మంచి పీజీ వెతకండి. సామాను సర్దే ముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క వాళ్లతోనే వేయించండి. అక్కడ ఉండాల్సింది వాళ్లే కదా!