సికింద్రాబాదు బలరాముగారు

కాలిబంతి యాటలో మైదానపు టంచువెంట పరుగిడి, గోలు ముంగిటికి బంతి నందించువానిని వింగరందురు. ఎడమ యంచున ఈ పనిలో నారితేరిన వారు తులసీదాసు బలరాముగారు. అవసరమగుచో నడుమనుండియు నాడగలరు. వారు 1936లో సికింద్రాబాదు చేరువ అమ్ముగూడలో బీదయింట జన్మించిరి. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందిన మన జట్టులో నుండిరి. శిక్షకులు హైదరాబాదు రహీముగారే. 1960లో రోమునగరమున హంగేరీపై మనకు దక్కినది ఒకే గోలు, అది వీరిది. 2-1తో నోడితిమి గాని, కొన్ని గెలుపులకంటె నా యోటమియే నాకు ఘనముగా దోచును. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణము వచ్చెను. మరుసటి యేటనే ఊపిరితిత్తుల జబ్బు. 30 ఏండ్లైన నిండకయే ఆట నిలిచెను. మన పల్లెలలో నీ పేరెరిగినవారు మిక్కిలి తక్కువ. వారు బంగాళమున ఉత్తరపారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న గతించిరి.