చక్రం లెక్క తప్పితే: ఏబీఎస్ కథ

హనుమాన్ జంక్షన్ దగ్గర చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని నూజివీడు రోడ్డు, గుడివాడ రోడ్డు కలుస్తాయి. మామిడికాయల లారీలు, ఐసు నీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీలు, దమ్ము చేసి బురద చక్రాలతోనే రోడ్డెక్కే ట్రాక్టర్లు, వాటి మధ్య దూసుకొచ్చే కార్లు. తడి రోడ్డు మీద ఒక్కసారిగా బ్రేకు తొక్కితే చక్రం ఆగిపోతుంది గానీ బండి ఆగదు. జారుతూనే పోతుంది, స్టీరింగ్ ఎటు తిప్పినా మాట వినదు. ఈ ప్రమాదాన్ని తప్పించడానికే ఏబీఎస్ పుట్టింది. దాని లైటు వెలిగితే చాలామంది కంప్యూటర్ పోయిందని బెంగపడతారు. నిజానికి ఈ యంత్రం పనంతా ఆధారపడేది ఒక్కదాని మీదే: తిరిగే చక్రం వేగాన్ని తప్పు లేకుండా కనిపెట్టడం. నేటికీ ఎక్కువ జబ్బులు అక్కడే మొదలవుతాయి.

విమానం నుంచి రోడ్డు మీదికి

ఈ ఆలోచన మొదట విమానాలది. రన్‌వే మీద చక్రం బిగుసుకుపోతే టైరు క్షణాల్లో అరిగి పేలిపోతుంది. ఫ్రాన్స్‌కు చెందిన గాబ్రియెల్ వోజాఁ 1920లలోనే విమానాల కోసం ఇలాంటి ఏర్పాటు మీద పనిచేశాడు. 1950ల మొదట్లో బ్రిటన్‌లోని డన్‌లప్ సంస్థ తెచ్చిన మాక్సరెట్ బాగా వాడుకలోకి వచ్చింది. అందులో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. చక్రంతో పాటు ఒక చిన్న ఫ్లైవీల్ తిరుగుతుంది. చక్రం హఠాత్తుగా నెమ్మదిస్తే ఫ్లైవీల్ మాత్రం తన ఊపులో ముందుకు పోయి వాల్వు తెరుస్తుంది, బ్రేకు ఒత్తిడి తగ్గుతుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన వైకౌంట్, ఫాకర్ ఫ్రెండ్‌షిప్, ఆవ్రో రకాల విమానాలకు ఉన్నది ఈ మాక్సరెట్టే.

1958లో బ్రిటన్ రోడ్ రీసెర్చ్ లాబొరేటరీ దీన్ని రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ మోటార్‌సైకిల్‌కు బిగించి పరీక్షించింది. ఫలితాలు బాగున్నా కంపెనీ ముందుకు రాలేదు. 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ కారులో మాక్సరెట్ చోటు సంపాదించింది, కానీ అలాంటి కార్లు మొత్తం తయారైనవి 320 మాత్రమే.

తర్వాతి అడుగు జర్మనీలో పడింది. 1970లో టెల్‌డిక్స్ సంస్థ, మెర్సిడెస్ కలిసి చూపించిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ పనిచేసింది గానీ నమ్మకంగా పనిచేయలేదు. దాని ఎలక్ట్రానిక్స్‌లో దాదాపు వెయ్యి భాగాలు, అందులో ఏ ఒక్కటి మొరాయించినా అంతే. డిజిటల్ చిప్పులు వచ్చాక బాష్ సంస్థ ఆ సంఖ్యను 140కి తగ్గించింది. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో ఏబీఎస్ మార్కెట్లోకి వచ్చింది. చక్రం వృథాగా తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌ను బాష్ 1986లోనూ, బండి పక్కకు జారకుండా కాచే ఈఎస్‌పీని 1995లోనూ తెచ్చింది. ఈ రెండూ ఏబీఎస్ సెన్సర్ల మీదే ఆధారపడతాయి.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. 125 సీసీ దాటిన మోటార్‌సైకిళ్లకూ అదే గడువు. ఒకనాడు ఖరీదైన కార్లకే పరిమితమైన యంత్రం ఇప్పుడు జంక్షన్ షెడ్లలో రోజూ కనిపించే బండ్లలో ఉంది.

లోపల జరిగేది

చక్రం హబ్ దగ్గర పళ్ల రింగు గానీ అయస్కాంతపు రింగు గానీ తిరుగుతుంది. మిల్లీమీటరు అటూఇటూ దూరంలో సెన్సర్ దాన్ని గమనిస్తుంది. మామూలు రోడ్డు మీద చక్రం బండి వేగం కంటే పది నుంచి ఇరవై శాతం నెమ్మదిగా తిరిగేటప్పుడే టైరు పట్టు గట్టిగా ఉంటుంది. అంతకన్నా నెమ్మదించిందంటే కంప్యూటర్ ఆ చక్రానికి వెళ్లే బ్రేక్ ఆయిల్‌ను ఆపుతుంది, వదులుతుంది, మళ్లీ పంపుతుంది. ఇదంతా సెకనుకు చాలాసార్లు. కాలి కింద పెడల్ దడదడలాడేది అందుకే.

కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట మాత్రం ఈ యంత్రాన్ని ఎక్కువగా నమ్మకూడదు. గచ్చు మీద చల్లిన కందిగింజలపై కాలు పెట్టినట్టే ఉంటుంది టైరుకు. వదులు ఇసుక, కంకర, గింజల మీద ఏబీఎస్ ఉన్నా బండి ఇంకా ఎక్కువ దూరం పోవచ్చు. అక్కడ కాపాడేది తగ్గించిన వేగమే.

లైటు వెలిగితే

ముందుగా చూడాల్సింది ఏ లైటు వెలిగిందో. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే అయితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, చక్రం బిగుసుకోకుండా చూసే రక్షణ మాత్రం ఉండదు. ఎర్రటి బ్రేకు లైటు కూడా తోడైతే బండి పక్కకు ఆపి మెకానిక్‌ని పిలవాలి. ట్రాక్షన్ లైటు కూడా వెలిగిందంటే రెండు జబ్బులున్నాయని కాదు, ఒక సెన్సర్ పోయినా రెండూ వెలుగుతాయి. ఇంజిన్ లైటు కూడా ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి. ఇంజిన్‌లో లోపం ఉన్నప్పుడు చాలా కార్లు ట్రాక్షన్ కంట్రోల్‌ను తామే ఆపేస్తాయి.

ఆ తర్వాత బ్రేక్ ఆయిల్ మట్టం, ఫ్యూజులు, బ్యాటరీ, నాలుగు టైర్ల సైజు, గాలి చూడాలి. ఒక టైరు వేరే సైజుదైతే ఆ చక్రం లెక్కే వేరు. అప్పుడు స్కానర్ పెట్టాలి. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చవక స్కానర్లు ఇక్కడ పనికిరావు. సీ0035 అని వచ్చిందనుకోండి, అది ముందు ఎడమ చక్రం సెన్సర్ సర్క్యూట్ అని చెబుతుంది. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు. వైరు, కప్లర్ కూడా అందులోనివే. సెన్సర్ చూసే రింగు, ఆ రింగు తిరిగే బేరింగ్ చెడినా లెక్క తప్పుతుంది. కోడ్ చెప్పేది వెతకాల్సిన చోటు, మార్చాల్సిన వస్తువు కాదు.

కాబట్టి బండిని ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతూ, పక్క సీట్లో మరొకరు స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం చూడాలి. మూడు ఇరవై చూపిస్తూ ఒకటి మాటిమాటికీ సున్నాకు పడిపోతుంటే దొంగ దొరికినట్టే. పొడి రోడ్డు మీద బండి ఆగబోతున్న చివరి క్షణంలో పెడల్ దడదడలాడినా అదే అనుమానం. రింగు పగిలినా, రింగుకూ సెన్సర్‌కూ మధ్య దూరం పెరిగినా నెమ్మది వేగంలో సంకేతం తప్పిపోతుంది, చక్రం బిగిసిందని కంప్యూటర్ పొరబడుతుంది.

అప్పుడు చక్రం విప్పి కళ్లతో చూడాలి. డెల్టాలో కారణాలకు కొదవ లేదు. రేగడి బురద రింగు పళ్ల మధ్య గట్టిపడుతుంది. సెన్సర్ అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుంటుంది. రింగు కింద తుప్పు ఉబ్బి దాన్ని పగలగొడుతుంది. స్టీరింగ్‌తో పాటు వంగి వంగి వైరు లోపల తెగుతుంది, పైతొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. ధాన్యం గోదాముల పక్కన నిలిపిన కార్ల వైర్లను ఎలుకలు కొరుకుతాయి. కొత్త బేరింగ్‌ను అయస్కాంతం వైపు తారుమారు చేసి బిగిస్తే సెన్సర్‌కు ఏమీ కనిపించదు. ఇవన్నీ చూశాకే, బ్రేక్ ఆయిల్‌ను ఆపి వదిలే ఖరీదైన హైడ్రాలిక్ యూనిట్ మీద అనుమానం పెట్టుకోవాలి.

రిపేరు ఖర్చుకు జంకి లైటు బల్బు పీకించేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ తిప్పి చూడండి. ఏబీఎస్ లైటు ఒకసారి వెలిగి, ఆ తర్వాత ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ బండిని పరీక్ష చేయించకుండా కొనవద్దు. షెడ్డులో ఏదైనా మార్చాలంటే "ఏ చక్రం? రీడింగ్ ఎంత?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు చూపించాకే డబ్బు ఇవ్వండి.