చౌడేపల్లెవారి పూర్వుల పత్రము లెచ్చట?

తాతగారి తండ్రి పేరు చెప్పగలవారు మనలో ననేకులు కలరు. ఆయన తండ్రి పేరడిగినంతనే గోత్రము చెప్పి సరిపెట్టుకొందుము. ఇందులకు మన యశ్రద్ధ యొక్కటియే కారణము కాదు. వెదకవలసిన చోటు తెలియకపోవుటయు కారణమే.

చౌడేపల్లె పూర్వము పుంగనూరు జమీందారీలోనిది. 1911 ఏప్రిలు 1వ తేదీన చిత్తూరు జిల్లా యేర్పడువఱకు నీ జమీందారీ ఉత్తరార్కాడు జిల్లాలో నుండెను. పొరుగుననున్న మదనపల్లె తాలూకాయో, కడప జిల్లాలోనిది. కావున నొకే యింటిపేరువారు పొరుగూళ్లయందున్నను, ఒకరి పూర్వులను కడప దస్త్రములందును, వేఱొకరి పూర్వులను ఉత్తరార్కాటి దస్త్రములందును వెదకవలెను.

అంతకంటె ముఖ్యమగు భేద మింకొకటి కలదు. రైత్వారీ గ్రామములలో ప్రభుత్వమే పొలము పొలమునకు పట్టాదారు పేరును సెటిల్మెంటు రిజిస్టరులో వ్రాయించినది. జమీందారీ గ్రామములలో శిస్తు జమీందారునకు చెల్లెడిది గనుక, ఆ పేర్లు సంస్థానపు లెక్కలలోను కరణము కవిలెలలోను నుండిపోయెను. 1948 నాటి మదరాసు ఎస్టేట్ల రద్దు చట్టమునకు పిమ్మటనే యీ యూళ్లు రైత్వారీ యైనవి. సర్కారు సెటిల్మెంటు రిజిస్టరులో తాత కనబడవచ్చును, ముత్తాత కనబడడు.

ఈనాము భూములు గలవా రదృష్టవంతులు. 1858లో నేర్పడిన ఈనాము కమీషనువారి రిజిస్టరులో దాత పేరు, మొదటి ప్రతిగ్రహీత పేరు, నాటి యనుభవదారుని వయస్సు, బంధుత్వము సయితము వ్రాయబడినవి. తక్కినవారికి 1865 మొదలు జరిగిన రిజిస్ట్రేషను దస్తావేజులు శరణ్యము. వంశవృక్షములలో ఆడుబిడ్డల పేరుండదు. పసుపు కుంకుమల క్రింద వ్రాసియిచ్చిన దానపత్రములలో నుండును. కావున నమ్మమ్మగారి పుట్టినిల్లు తెలియగోరువారు ముందుగా వానినే చూడవలెను.

కాగితము లేని యిండ్ల మాట యేమి? పిచ్చుకుంట్లవారు, కన్నడ సీమ హెళవలు కాపుల యింటిపేర్లను, తరతరముల పేర్లను కంఠస్థముగ జదువుదురు. వారిని గుమ్మమునుండియే బిచ్చగాండ్రని పంపివేయుట మన యవివేకము. వారు చెప్పునది యెల్ల నిజమని మేమనము. దస్తావేజుతో పోల్చి చూడవలెను.

కరణముల పదవి 1984లో రద్దయినది. వారి యిండ్ల యటుకలమీద నేటికిని కట్ట లుండవచ్చును. 2024 జూలై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కచ్చేరిలో నగ్ని పుట్టి యనేక దస్త్రములు దగ్ధమయ్యెను. కచ్చేరిలోని ప్రతికే యీ గతి పట్టినప్పుడు, యటుకమీది కట్టకు చెదలనుండి రక్షణ యెక్కడిది? కరణముల వంశీయు లా కట్టలను విప్పి, కోరిన గ్రామస్థులను నకళ్లు తీసికొననిత్తురుగాక యని వేడుచున్నాము.