పడితే చచ్చినట్టు కాదు, పరిగెత్తితే తప్పినట్టు కాదు

బీహార్‌లోని వైశాలి జిల్లా నుంచి 2019లో ఒక వీడియో బయటికి వచ్చింది. పంటలు పాడు చేస్తున్నాయని ప్రభుత్వ అనుమతితో మనుబోతులను కాల్చారు. తూటా తగిలి పడిన ఒక మనుబోతును జేసీబీ గుంతలోకి తోసి మట్టి కప్పేసింది. మట్టి పడుతున్నప్పుడు కూడా ఆ జంతువు కదులుతూనే ఉంది. దేశమంతా దాన్ని క్రూరత్వం అంది, అది నిజమే. అయితే ఆ క్రూరత్వం వెనక ఒక నమ్మకం ఉంది: తూటా తగిలి పడిందంటే చచ్చినట్టే. దీనికి జంట నమ్మకం ఇంకొకటుంది: తూటా తగిలితే జంతువు అక్కడికక్కడే కూలాలి, పరిగెత్తిందంటే గురి తప్పినట్టే. ఇవి మనకు దూరపు సంగతులు కావు. 2016 జూన్‌లో బీహార్‌లోనే మొకామాలో సుమారు 250 మనుబోతులను కాల్చిన బృందానికి నాయకుడు హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీ ఖాన్. మన తెలంగాణలోనూ అడవి పందులను కాల్చడానికి అనుమతులు ఇస్తున్నారు. హైదరాబాద్ శివారులోని బాలాపూర్ దాటి కందుకూరు వైపో యాచారం వైపో వెళ్తే పందుల బెడద గురించి చెప్పని రైతు ఉండడు. కాల్పులు జరిగే ప్రతి చోటా ఈ రెండు నమ్మకాలూ చేరుతున్నాయి. ఒకటి కొన ఊపిరితో ఉన్న జంతువును పాతిపెట్టిస్తోంది. రెండోది కడుపులో తూటాతో పారిపోయిన పందిని ఎవరూ వెతకకుండా చేస్తోంది. తెల్లారి పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషికి పొదలో ఎదురయ్యేది ఆ పందే.

ఈ నమ్మకాలకు పునాది సినిమా. తెర మీద తూటా తగిలిన మనిషి గాల్లోకి ఎగిరి, అద్దం పగలగొట్టుకుని అవతల పడతాడు. పదో తరగతి భౌతికశాస్త్రం చాలు ఇది అబద్ధమని తేల్చడానికి. 12 బోర్ తుపాకీ నుంచి వచ్చే ఒంటి గుండు బరువు సుమారు 28 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. ఆ ద్రవ్యవేగమంతా 80 కిలోల పందిలోనే ఆగిపోయిందనుకున్నా, పంది శరీరానికి వచ్చే వేగం సెకనుకు 16 సెంటీమీటర్లు. మనిషి మామూలుగా నడిచే వేగం దానికి ఏడెనిమిది రెట్లు. థర్టీ-ఆట్-సిక్స్ రైఫిల్ తూటా బరువు 11.7 గ్రాములు, వేగం సెకనుకు 820 మీటర్లు. లెక్క వేస్తే వచ్చేది 12 సెంటీమీటర్లే. న్యూటన్ మూడో సూత్రం కూడా ఇదే చెబుతుంది. తూటా ఎంత బలంగా ముందుకు పోతుందో తుపాకీ అంత బలంగా వెనక్కి తంతుంది. ఎదుటి జంతువును ఎగరగొట్టే తూటా ఉంటే అది ముందు కాల్చినవాణ్ణే పడగొట్టాలి.

నమ్మని వాళ్లకు నిదర్శనం బాలాపూర్ పొరుగునే ఉంది. కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థ భాభా అణు పరిశోధన కేంద్రం పరిజ్ఞానంతో భాభా కవచ్ అనే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ తయారుచేస్తోంది. అలాంటి జాకెట్ రైఫిల్ తూటాను పూర్తిగా ఆపేస్తుంది. అంటే తూటా తెచ్చిన తోపు మొత్తం, ఒక్క పిసరు కూడా వృథా కాకుండా, తొడుక్కున్న మనిషికే చేరుతుంది. ఆ మనిషి ఎగిరిపడడు. జాకెట్లను పరీక్షించేటప్పుడు వెనక మెత్తటి బంకమట్టి పెట్టి, అందులో పడిన సొట్ట లోతు కొలుస్తారు. అమెరికా ప్రమాణాల్లో దానికి పరిమితి 44 మిల్లీమీటర్లు. అక్కడి ఆందోళన పక్కటెముకలు విరుగుతాయేమోనని, మనిషి ఎగిరిపోతాడని కాదు. నడిరోడ్డు మీద లారీ గుద్దినట్టు తూటా గుద్దుతుందనే మాట ఇక ఎవరూ అనకూడదు.

మరి తూటా దేనితో చంపుతుంది? కన్నంతో. దారిలో ఏ అవయవాన్ని చీల్చిందన్నదే లెక్క. మెదడు గానీ మెడ దగ్గరి వెన్నుపాము గానీ తెగితే జంతువు నిలబడ్డచోటే కూలుతుంది. గుండె, ఊపిరితిత్తులు చిరిగితే చావు ఖాయమే, కానీ ఆ క్షణాన కాదు. రక్తప్రసరణ ఆగినా మెదడులో మిగిలిన ఆక్సిజన్ 10 నుంచి 15 సెకన్లు పని చేయిస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే పంది 10 సెకన్లలో 100 మీటర్లు దాటేస్తుంది. అంటే గుండెలో నేరుగా తూటా దిగిన జంతువు కూడా పత్తి చేను దాటి తుప్పల్లో కనుమరుగు కావచ్చు. అది గురి తప్పడం కాదు, అత్యుత్తమమైన గురి. పొట్టలో తగిలితే గంటలు పడుతుంది, ఒక్కోసారి మర్నాటి దాకా ప్రాణం పోదు. పరుగును బట్టి ‘తప్పింది’ అని చేతులు దులుపుకుని ఇంటికి పోయేవాళ్లు ఆ జంతువుకూ ఊరికీ ఒకేసారి అన్యాయం చేస్తున్నారు.

‘మా కళ్లముందే దబ్బున పడింది కదా’ అని ఎదురు అడుగుతారు. పడటం నిజమే, దానికి కారణమే వేరు. వెన్నెముకకు దగ్గరగా వేగంగా పోయే తూటా చుట్టూ కండ ఒక్క క్షణం బుడగలా ఉబ్బి మళ్లీ ముడుచుకుంటుంది. ఆ కుదుపుకు వెన్నుపాము కాసేపు మొద్దుబారుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి. లోపల ప్రాణాధార అవయవం ఏదీ తెగకపోతే అదే జంతువు నిమిషం గడిచాక లేచి నిలబడుతుంది. వెన్నుపూస పైముళ్లకు తగిలినా ఇంతే. అంటే దబ్బున పడిన జంతువే ఒక్కోసారి బతికి ఉండేది, పరిగెత్తి పోయిందే చచ్చేది. పడటాన్ని చూసి తూటా పనితనం అంచనా వేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పనితనం కొలవాలని పట్టుబట్టిన వాళ్లు ఏం చేశారో చూడండి. 1904లో అమెరికా సైన్యం తరఫున థామ్సన్, లగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో పశువధశాలలో రకరకాల తుపాకులతో పశువులను కాల్చి చూశారు. ఊపిరితిత్తుల్లో వరసగా తూటాలు దిగినా నిలబడే ఉన్న పశువులు వాళ్లకు ఎదురయ్యాయి. ఒకే అవయవంలో ఒకే తూటా తగిలిన రెండు జంతువులు ఒకేలా ప్రవర్తించవన్న పాఠం అప్పుడే దొరికింది. తర్వాత అమెరికా సైనిక వైద్యుడు మార్టిన్ ఫాక్లర్ 10 శాతం జెలటిన్ దిమ్మల్లోకి కాల్చి, తూటా ఎంత లోతు పోయింది, ఎక్కడ విచ్చుకుంది, శాశ్వతంగా ఎంత కన్నం మిగిల్చింది అని కొలిచే పద్ధతికి ఊపిరి పోశాడు. జెలటిన్‌లో ఎముక లేదు, తోలు లేదు, మగ పంది భుజాల మీద ఉండే మందపాటి గట్టి పొర లేదు. కాబట్టి అది తూటాకూ తూటాకూ పోలిక చెబుతుంది, పంది పొట్ట సంగతి చెప్పదు. జంతువులోంచి తీసిన తూటా పుట్టగొడుగులా అందంగా విచ్చుకుందని ఫొటో పెట్టి మెచ్చుకోవడం మరీ తొందరపాటు. ఆ తూటా ఊపిరితిత్తుల దాకా పోయిందా, భుజం కండలోనే ఆగిందా అన్నది ఫొటోలో కనపడదు. తోలు ఒలిచి, కన్నం వెంట చెయ్యి పెట్టుకుంటూ పోతేనే తెలుస్తుంది. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2018 నవంబరు 2 రాత్రి షూటర్ అస్ఘర్ అలీ ఖాన్ తూటాకు చనిపోయిన అవని పులి విషయంలోనూ అంతే. ఆ క్షణాన పులి ఎటు తిరిగి ఉందన్న వాదన చివరికి శవపరీక్షకూ గాయం తీరుకూ వచ్చి ఆగింది.

పెద్ద బోరు అయితే పని ఖాయం అనే మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. చిన్న తూటాతో సాధించినవాళ్ల చరిత్ర గట్టిదే. ఏనుగుల వేటగాడు కరమోజో బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, అందులో ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తోనే. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన రిగ్బీ రైఫిల్ కూడా అదే కొలత. కానీ బెల్ ఏనుగు పుర్రె లోపలి నిర్మాణాన్ని కోసి చూసి నేర్చుకున్నవాడు. కార్బెట్ దగ్గర సైతం బరువైన డబుల్ బ్యారెల్ రైఫిల్ ఒకటి ఉండేది. జంతువు అడ్డంగా, ఓపికగా నిలబడనప్పుడు బరువైన పొడుగు తూటా ఎముకను దాటుకుని లోపలికి పోతుంది, తేలికది పక్కకు పోతుంది లేదా చిట్లిపోతుంది. చీకట్లో టార్చి వెలుగులో పందిని కాల్చేవాడికి ఆ వెసులుబాటు అవసరమే. అంతవరకు ఒప్పుకోవచ్చు. పొట్టలో తగిలిన పెద్ద తూటా గుండెలో తగిలిన చిన్నదానికి సాటి రాదు, దీని మీద మాత్రం బేరం లేదు.

సైన్యం వాడే పూర్తి లోహపు తొడుగు తూటాయే జాలి గలదనే వాదన ఒకటుంది. దీనికి మూలం చరిత్రను సగం చదవడం. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తయారైన విచ్చుకునే తూటాలను 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో నిషేధించింది. అది మనుషుల మధ్య ఒప్పందం. జంతువు విషయంలో తొడుగు తూటా సన్నటి కన్నం చేసి అవతలికి పోతుంది, జంతువు రోజంతా కుములుతుంది. అందుకే ఇంగ్లండ్‌లో జింకల చట్టం రైఫిల్‌తో కాల్చాలంటే మెత్తటి మొన లేదా బోలు మొన తూటాయే ఉండాలంటుంది. ఇక 12 బోర్ తుపాకీలో వేసే ఎల్‌జీ గుళ్లు ఎంత దూరమైనా పనిచేస్తాయనేది అబద్ధం, దూరం పెరిగేకొద్దీ అవి చెదిరి గాయపరచడానికే పనికొస్తాయి. మత్తు సూది తగలగానే చిరుత పడిపోతుందనేదీ అబద్ధమే. మందు పట్టడానికి కొన్ని నిమిషాల నుంచి పావుగంట పడుతుంది. 2020 మే 14న హైదరాబాద్ కాటేదాన్ రోడ్డు మీద చిరుత కనిపించినప్పుడు జనం గుమిగూడటానికి ఇలాంటి ధీమాయే కారణం కావచ్చు.

అనుమతి ఉన్న షూటర్‌ను పిలిపించుకునే పంచాయతీలు, రైతులు కొన్ని పట్టుదలగా అడగాలి. పేలిన ప్రతి తూటాకూ జంతువు నిలబడ్డ చోట గుర్తు పెట్టించాలి. పరిగెత్తిన పందిని వెంటనే తరమకూడదు. కనీసం అరగంట ఆగి, తగిలిన చోట వెంట్రుకలు, రక్తం వెతకాలి. నురుగుతో గులాబీ రంగు రక్తం ఊపిరితిత్తులది, పంది దగ్గర్లోనే పడి ఉంటుంది. చిక్కటి నల్లెరుపు కాలేయానిది. ఆకుపచ్చ పేడ కలిసి ఉంటే పొట్టలో తగిలింది, ఇంకా కొన్ని గంటలు ఆగి, తుపాకీ ఉన్నవాడు ముందు నడవగా వెళ్లాలి. రక్తం కనపడలేదన్నది తగల్లేదనడానికి సాక్ష్యం కాదు, కొవ్వు కన్నాన్ని మూసేయగలదు. పడి ఉన్న జంతువు దగ్గరికి వెనక నుంచే వెళ్లి, పొడుగు కర్రతో కంటిపాపను తాకాలి. రెప్ప కదిలితే ఇంకో తూటా ఖర్చు పెట్టాలి, ఆ ఖర్చుకు వెనకాడేవాణ్ణి మళ్లీ పిలవొద్దు. ఆ తర్వాతే గుంత, జేసీబీ. వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద చంపిన జంతువు 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. కాబట్టి పాతిపెట్టే ముందు పశువైద్యుడితో కోయించి, తూటా దారి ఎటు పోయిందో రాయించి పెట్టమని అటవీ అధికారిని అడగండి. ఏ షూటర్ తూటాలు పొట్టలోకి పోతున్నాయో, ఎవరివి గుండెలోకి పోతున్నాయో ఆ కాగితాలే చెబుతాయి. వచ్చే సీజన్‌కు ఎవరికి అనుమతి ఇవ్వాలన్నది వాటిని చూసే నిర్ణయించాలి.