ధర్మవరపు పెరటిలో పన్నీరు గులాబి

గులాబి అనగానే నేడు పలువురి కన్నుల యెదుట నిలుచునది పూలకొట్టులోని పొడవాటి కాడ, దానిపై బిగిసి నిలిచిన ఎర్రని మొగ్గ. చూపునకు అది లోపము లేని పువ్వే. ముక్కు దగ్గరకు తీసికొన్నప్పుడు మాత్రము తరచుగా ఆకువాసన తప్ప మరేమియు తోచదు. మన పెద్దలు ఎరిగిన గులాబి వేరు. అది తామరరేకు వంటి లేత ఎరుపు రంగు గలది. రేకులు వదులుగా, మెత్తగా ఉండును. తెల్లవారుజామున విచ్చి సాయంకాలమునకే రాలిపోవును. ఒక్కటి పూచినను వాకిలి అంతయు ఘుమఘుమలాడును. దానినే పన్నీరు గులాబి అందురు. మన సీమలో పన్నీరు రోజా అనియు వాడుక కలదు. ధర్మవరము వంటి ఎండ ప్రదేశమున పెరటిలో ఒక్క గులాబి పొదను మాత్రమే పెంచగల తావున్నవారు నాటవలసినది ఇదియే అని నా అభిప్రాయము. అయితే ఆ పేరు చెప్పి ఇచ్చు మొక్కలు రెండు రకములు. ఏది తెచ్చుచున్నామో తెలిసికొని తేకున్నచో మూడేండ్లు నీరు పోసినను పువ్వు కంటబడకపోవచ్చును.

పేరులోనే ఒక వింత ఉన్నది. పారసీక భాషలో గుల్ అనగా పువ్వు, ఆబ్ అనగా నీరు. అనగా గులాబ్ అనునది మొదట పువ్వు పేరు కాదు, ఆ పువ్వునుండి తీసిన పరిమళ జలము పేరు. మన పన్నీరు అను మాటయు అట్టిదే. తమిళమున పని అనగా మంచు. చల్లని నీటికి పెట్టిన పేర్లు రెండును కలిసి ఒక పొదకు సంక్రమించినవి. ఇది మన ప్రాంతమునకు క్రొత్తగా వచ్చిన మోజు అనుకొనరాదు. 1443లో హీరాతు ప్రభువు షారుఖ్ పంపగా విజయనగరమునకు వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరమున గులాబీలు అమ్మని చోటు లేదనియు, జనులు వానిని అన్నముతో సమానముగా ఎంచుదురనియు వ్రాసికొనెను. 1565లో రక్కసి తంగడి యుద్ధము జరిగిన పిదప ఆ రాజ్యమునకు రాజధాని అయిన పెనుకొండ, ధర్మవరమునుండి బెంగుళూరు పోవు రైలుదారిలోనే ఉన్నది.

ఇక ఆ రెండు రకముల సంగతి. మొదటిది డమస్కు గులాబి. కన్నౌజు అత్తరుకు, రాజస్థానములోని పుష్కరము తోటలకు, బల్గేరియాలోని కజన్లిక్ లోయకు పేరు తెచ్చినది ఈ జాతియే. దీని వంశవృక్షమును జపాను శాస్త్రజ్ఞులు 2000లో జన్యుపరీక్షచేత తేల్చిరి. ఐరోపా ఖండపు గాలికా గులాబి, కస్తూరి గులాబి, మధ్య ఆసియా కొండలలోని మరియొక అడవి గులాబి, ఈ మూడింటి రక్తము ఇందు కలిసి ఉన్నదట. సువాసనలో దీనికి సాటి లేదు. కాని తోటలలో సాగగు ముఖ్యమైన డమస్కు రకములు శీతకాలమున గట్టి చలి తగిలిన మీదట, మార్చి, ఏప్రిలు నెలలలో, ఏడాదికి ఒక్కమారు విరగబూచును. లక్నోలోని ఔషధ సుగంధ మొక్కల పరిశోధన సంస్థ వెలువరించిన నూర్జహాన్, రాణీసాహిబా రకములును, హిమాచల ప్రదేశములోని పాలంపూరు సంస్థ వెలువరించిన జ్వాలా, హిమ్‌రోజ్ రకములును తైలము కొరకు ఎంపిక చేసినవి. పేర్లు వినుటకు ముచ్చటగా ఉన్నను, చలికాలమున కూడ పట్టపగలు చొక్కా తడిసిపోవు మన యూరిలో వానికి కావలసిన చలి ఎక్కడనుండి వచ్చును?

రెండవది ఎడ్వర్డు గులాబి. హిందూ మహాసముద్రమున, నేడు రీయూనియన్ అనబడు దీవికి పూర్వము బూర్బోన్ అని పేరు. అచ్చటి రైతులు పొలము గట్లకు కంచెగా చీనా గులాబిని, డమస్కు గులాబిని పక్కపక్కన నాటెడివారు. ఆ రెండింటి సంకరముగా పుట్టిన మొక్కను, 1817లో ఆ దీవికి తోటల అధికారిగా వచ్చిన బ్రెయోన్ అను ఫ్రెంచివాడు గుర్తించి, విత్తనములను తన దేశమునకు పంపెను. బూర్బోన్ గులాబీలన్నింటికి అది మూలము. ఆ సంకరము అంతకు పూర్వమే మన దేశమున జరిగి ఇచ్చటినుండి దీవికి పోయినదని వాదించు గులాబి పండితులును కలరు. జన్మస్థలము ఏదైనను, తల్లిదండ్రుల గుణములు రెండును దీనికి వచ్చినవి. వాసన డమస్కుది, చలితో నిమిత్తము లేక మరల మరల పూచు స్వభావము చీనా గులాబిది. దక్షిణదేశమున పన్నీరు గులాబి పేరిట కోవెల మాలలకు పోవు లేత ఎరుపు పూలలో అధికభాగము ఈ వంశమువే.

మొక్కను చూచి రెండింటిని పోల్చుకొనుట కష్టము కాదు. డమస్కు ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చ. అడుగున సన్నని నూగు తగులును. కొమ్మ నిండ చిన్నవి పెద్దవి ముండ్లు కిక్కిరిసి ఉండును. ఎడ్వర్డు ఆకు కొంత నునుపు. ముండ్లు తక్కువ, ఉన్నవి కొక్కెమువలె వంగి ఉండును. అన్నింటికంటె నమ్మదగిన గుర్తు ఒకటే: శ్రావణమాసమున కూడ పువ్వున్న పొదను చూచి, దానినుండియే కొమ్మ తెచ్చుకొనుడు.

కొమ్మ అనుటకు కారణము కలదు. అంగళ్ళలో దొరకు గులాబీలు చాలవరకు అంటుమొక్కలు. వేరొక మొరటు గులాబి వేరుపై కోరిన రకపు కన్ను అతికించి పెంచినవి. మన ఎండకు పైమొక్క చచ్చి, అడుగునుండి మొరటుమొక్క ఏపుగా లేచుట అందరు ఎరిగినదే. యజమాని మాత్రము తన గులాబి కోలుకొన్నదని సంతోషించుచు నీరు పోయుచుండును. పన్నీరు గులాబికి ఈ తంటా లేదు. కొన్ని ప్రాంతములలో ఇతర గులాబీలకు అడుగుమొక్కగా దీనినే వాడుదురు. కొమ్మ నాటిన వేరు దిగును. సొంత వేరుపై పెరిగిన పొద ఒక వేసవిలో నేలమట్టముగా ఎండినను, వానలకు మొదట చివురించునది ఆ గులాబియే గాని పరాయిది కాదు.

పూత ముగిసిన కొమ్మలో పెన్సిలు లావు గల భాగమును ఏడెనిమిది అంగుళముల పొడవున, కణుపునకు దిగువగా ఏటవాలుగా కోయవలెను. మూడింట రెండు పాళ్ళు ఇసుక కలిసిన మట్టిలో దించి నీడన ఉంచినచో నెల, నెలన్నరలో వేళ్ళు వచ్చును. మూడు నెలల పిమ్మట నేలలోనికి మార్చవచ్చును. వానలు పడుచున్న దినములు ఇందుకు మేలు. పాత మిద్దెలు పడగొట్టి క్రొత్తవి కట్టునప్పుడు పెరటిబావి గట్టుననున్న పొదయు పారకు బలి అగుచున్నది. అట్టి పొదలకు పేరుచీటీలు ఉండవు, అంగడిలో దొరకవు. ఎవరి యింటనైనను ఇటుకలు దిగుచున్నవని వినినచో ఆనాడే పోయి నాలుగు కొమ్మలు అడుగుట మంచిది. గులాబి కొమ్మ అడిగినవారిని కాదనువారిని నేను ఇంతవరకు చూడలేదు.

నేల విషయమున మన ఎర్రమట్టి గులాబికి పగ కాదు. లోతు లేకపోవుటయే చిక్కు. రెండడుగుల గొయ్యి త్రవ్వి, రాయి తగిలినచో గునపముతో పగులగొట్టి, చివికిన పశువుల ఎరువును, పిడికెడు వేపపిండిని మట్టితో కలిపి నింపవలెను. వేపపిండి చెదలను కొంత దూరముంచును. మొక్కకు ఉదయపు ఎండ నిండుగా తగిలి, రెండు గంటల వేళకు గోడ నీడ పడు చోటు మేలైనది. వేరుసెనగ పండు జిల్లాలో పుట్టినవారము గనుక గానుగపిండి మనకు కొరత కాదు. దానిని నీటిలో నాలుగైదు దినములు నానబెట్టి, పలుచన చేసి, పదునైదు దినములకొకమారు మొదట పోసిన పొదకు వేరే ఎరువు అక్కరలేదు. ఆ దినమున ఇరుగుపొరుగువారు ముక్కు మూసికొందురు. అది వేరు సంగతి.

నీటి విషయము మాత్రము తేలికగా తీసికొనరాదు. చిత్రావతి యొడ్డున ఉన్నను ధర్మవరము నీటికి కటకటపడు ఊరే. ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. బోరునీరు పలుచోట్ల సున్నము, ఉప్పు కలిసి కఠినముగా ఉండును. అట్టి నీరు నిత్యము పోసిన నేలలో ఇనుము ఉన్నను వేరునకు అందదు. అప్పుడు లేత ఆకుల ఈనెలు పచ్చగనే ఉండి, నడిమి భాగము పసుపు తిరుగును. చాలమంది దీనిని తెగులని భ్రమించి పురుగుమందు కొట్టుదురు. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకులపై చల్లిన పక్షము దినములలో పచ్చదనము మరలును. ఈ యూరికే ప్రత్యేకమైన పొరపాటు మరియొకటి కలదు. ముడిపట్టుపైనున్న జిగురు పోవుటకై నూలును సబ్బు, సోడా వేసిన నీటిలో ఉడికింతురు. మగ్గమున్న యిండ్లలో ఆ నీరు వృథా అగుచున్నదని మొక్కలకు పోయుట కద్దు. సోడా నీటిని గులాబి సహింపదు. అద్దకపు తొట్టి నీటి మాట చెప్పనక్కరలేదు. త్రాగునీటిని శుద్ధిచేయు యంత్రమునుండి బయటకు పారు నీరును అట్టిదే. తీసివేసిన ఉప్పంతయు అందే ఉండును. నేను ఒక వేసవిలో పొదుపు అనుకొని ఆ నీటినే పోసి, బాగుగా ఎదిగిన పొదను ఆకు అంచులు మాడి ఎండిపోవునట్లు చేసికొంటిని. బియ్యము కడిగిన నీరు, వానకు మిద్దెపైనుండి జారిన నీరు శ్రేష్ఠము. పాదులో వేరుసెనగ పొట్టో, ఎండుగడ్డియో నాలుగంగుళముల మందమున పరచినచో, వేసవిలో సైతము దినము విడిచి దినము అరబిందె నీటితో పొద నిలుచును.

అక్టోబరు నెలాఖరున, వానలు వెనుకపట్టిన వెంటనే, పొదను సగమెత్తునకు కత్తిరింపవలెను. ఎండు కొమ్మలను పచ్చికట్టె కనబడువరకు కోసి, కోసిన మొనలకు బోర్డో పేస్టు పూయకున్నచో ఎండు తెగులు మొననుండి దిగువకు పాకును. కత్తిరించిన నలుబదియైదు దినములకు మొగ్గ తొడుగును. సంక్రాంతి నాటికి పొద నిండుగా ఉండును. వేసవిలో ఆకుల అడుగున ఎర్రనల్లి చేరినచో మందుకంటె ముందు ఆకుల అడుగుభాగము తడియునట్లు వడిగా నీరు చిమ్మి చూడుడు.

ఇంత శ్రమయు వాసన కొరకే గదా. అది ఎట్లు పుట్టునో, కొన్ని గులాబీలకు ఎందుకు లేదో శాస్త్రజ్ఞులు పరిశీలించుచునే ఉన్నారు. 2015లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు, మంచి వాసన గల పాపా మేయాఁ అను రకమును, వాసన అంతగా లేని రూజ్ మేయాఁ అను రకమును పోల్చి చూచి, గులాబి రేకులలో జెరానియోల్ అను పరిమళ ద్రవ్యము తయారగుటకు తోడ్పడు ఒక ఎంజైమును కనుగొనిరి. వాసన లేని పువ్వులో దానిని పుట్టించు జన్యువు దాదాపు నిద్రపోవుచున్నదట. రంగును, ఆకారమును, పాత్రలో ఎన్నాళ్ళు నిలుచుననుదానిని చూచి తరతరములుగా మొక్కలను ఎంపిక చేసిన తోటకారులు ఆ నిద్రను గమనింపలేదు. పన్నీరు గులాబి ఆ ఎంపికలకు బయట, పెరళ్ళలో మిగిలిపోయినది గనుక దాని వాసన చెడలేదు.

ఆ వాసన ఎండకు ఆగదు. రేకుల పైపొరలోని సుగంధ తైలము ప్రొద్దెక్కిన కొలది గాలిలో కలిసిపోవును. అందుచేత అత్తరు తోటలలో సూర్యోదయమునకు ముందే కోతకు దిగుదురు. మన ఎండకు ఏడు గంటల లోపల కోయుట అవసరము. కిలో తైలమునకు మూడు నాలుగు వేల కిలోల పువ్వు కావలెను గనుక పెరటి పొదతో అత్తరు మాట తలపెట్టరాదు. జహంగీరు తన చరిత్రలో, నూర్జహాను తల్లి అస్మత్ బేగము, పన్నీరు దించునప్పుడు వేడినీటిపై తేలిన తెట్టును కొద్దికొద్దిగా పోగుచేసి అత్తరు కనిపెట్టెనని వ్రాసెను. కొద్దికొద్దిగా అను మాటను గమనింపుడు. అది చక్రవర్తుల యింటి మాట.

పన్నీరు మాత్రము మనకు అందుబాటులోనిదే. గులాబి పరిమళములో ప్రధానమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు నీటిలో కరుగు గుణము గలది. కనుక తైలమున తగ్గి నీటిలో మిగులును. వెడల్పైన గిన్నెలో రేకులు మునుగునంత నీరు పోసి, నడుమ ఒక చిన్న గిన్నె నిలిపి, మూతను బోర్లించి పెట్టి, దానిపై చల్లని నీరు పోసి సన్నని మంటపై ఉంచవలెను. ఆవిరి మూతకు తగిలి నడిమి గిన్నెలోనికి బొట్టు బొట్టుగా దిగును. మూతపై నీరు వేడెక్కినప్పుడెల్ల మార్చుచుండవలెను. మొదటి గ్లాసెడే ఘనమైనది. ఆ తరువాత దిగునది నీరే. మందు చల్లని పొద పూలైనచో, రేకులను చక్కెరతో పొరలు పొరలుగా జాడీలో వేసి మూడు వారములు ఎండబెట్టి గుల్కందు కూడ చేసికొనవచ్చును. అంగడిపూలతో ఈ పని వలదు. పండుగకు ఇంటి పన్నీరు కావలెనన్నవారు సంక్రాంతి పూతలో దించి, మరుగునీట కడిగి ఆరబెట్టిన గాజుసీసాలో పోసి, వెలుతురు సోకని చల్లని చోట దాచుకొందురు గాక.