టైటిల్‌ రాకున్నా... చరిత్ర రాసింది!

బాస్కెట్‌బాల్‌ అంటే బంతిని బుట్టలో వేయడమే కదా అనుకుంటాం. కానీ ఆ బంతి ఎప్పుడు ఎవరి చేతికి అందాలో చూసుకునే మనిషి జట్టులో ఒకరుంటారు... పెళ్లిలో దగ్గరుండి వడ్డన చూసుకునే పెద్దమనిషిలా. ఆ స్థానమే పాయింట్‌ గార్డ్‌. అమెరికా కాలేజీ ఆటలో ఆ స్థానానికి కొత్త లెక్కలు రాసిన అమ్మాయి సబ్రీనా యొనెస్కు.

రొమేనియా అల్లకల్లోలంగా ఉన్న 1989లో ఆమె తండ్రి డాన్‌ ఆ దేశం విడిచి అమెరికా చేరాడు. భార్య, పెద్దకొడుకు కొన్నేళ్ల తర్వాతగానీ ఆయన దగ్గరికి రాలేకపోయారు. 1997 డిసెంబరులో కాలిఫోర్నియాలో కవలలు పుట్టారు. సబ్రీనా, ఎడ్డీ.

బొమ్మలతో ఆడుకోమన్నారు!
అన్నదమ్ములతో, వాళ్ల స్నేహితులతో కలిసి పార్కులో ఆడేది సబ్రీనా. తనకంటే ఎత్తైన అబ్బాయిల మధ్య బంతి దొరకాలంటే రీబౌండ్‌ పట్టాలి, దొరికిన బంతి నిలవాలంటే చురుగ్గా పాస్‌ ఇవ్వాలి. రెండూ అక్కడే ఒంటబట్టాయి. చదివే బడిలో ఆడపిల్లలకు జట్టు లేదు. ‘నువ్వు బొమ్మలతో ఆడుకోవాలి’ అన్నారట. ఆమె ఊరుకోలేదు. తోటి అమ్మాయిలను పోగేసి జట్టు కట్టేసింది.

2016లో ఒరెగాన్‌ యూనివర్సిటీలో చేరింది. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు... ఒకే మ్యాచ్‌లో మూడూ పదికి తగ్గకుండా సాధిస్తే ‘ట్రిపుల్‌ డబుల్‌’. కాలేజీ ఆటలో అబ్బాయిల పేరిట ఉన్న 12 ట్రిపుల్‌ డబుల్స్‌ రికార్డును 2018 డిసెంబరులోనే దాటేసింది. చదువు ముగిసేసరికి ఆ లెక్క 26!

2019 ఏప్రిల్‌లో ఒరెగాన్‌ తొలిసారి జాతీయ సెమీఫైనల్‌కు చేరి, బేలర్‌ చేతిలో 67-72తో ఓడింది. ప్రొఫెషనల్‌ లీగ్‌ తలుపులు అప్పటికే తెరిచి ఉన్నాయి. డబ్బు, పేరు ఎదురుచూస్తున్నాయి. అయినా సబ్రీనా ‘పని పూర్తికాలేద’ంటూ మరో ఏడాది కాలేజీలోనే ఉండిపోయింది. ఆ నవంబరులో ఏకంగా అమెరికా జాతీయ జట్టునే 93-86తో ఓడించింది ఒరెగాన్‌. అందులో సబ్రీనావి 30 పాయింట్లు.

కన్నీళ్లతోనే బరిలోకి...
ఆమెను ప్రోత్సహించిన దిగ్గజం కోబీ బ్రయాంట్‌, ఆయన కూతురు జియానా 2020 జనవరి 26న హెలికాప్టర్‌ ప్రమాదంలో చనిపోయారు. ఫిబ్రవరి 24న లాస్‌ఏంజెలెస్‌లో జరిగిన సంతాప సభలో సబ్రీనా మాట్లాడింది. అట్నుంచటే స్టాన్‌ఫర్డ్‌ వెళ్లింది. ఒంట్లో బాగా లేకపోయినా ఆ రాత్రి మ్యాచ్‌ ఆడింది. 2000 పాయింట్లు, 1000 అసిస్టులు, 1000 రీబౌండ్లు... అమ్మాయిల్లోనే కాదు, అబ్బాయిల్లోనూ అగ్రశ్రేణి కాలేజీ ఆటలో ఎవరూ చేరని మైలురాయిని ఆ రాత్రే చేరింది.

మార్చి 8న ఒరెగాన్‌ తన కాన్ఫరెన్స్‌ టోర్నీ గెలిచింది. ఆ సీజన్‌లో 31 విజయాలు, రెండే ఓటములు. ఇక మిగిలింది జాతీయ టైటిలే. నాలుగు రోజులకే కరోనా కారణంగా జాతీయ టోర్నీ రద్దయింది! ఏ టైటిల్‌ కోసం ఏడాది ఆగిందో, దానికోసం ఆడే అవకాశమే రాలేదు.

కానీ పాయింట్‌ గార్డ్‌ గొప్పతనం తోటివారిలోనే కనబడుతుంది. ఆ ఏప్రిల్‌లో జరిగిన డబ్ల్యూఎన్‌బీఏ ఎంపికల్లో సబ్రీనాది మొదటి స్థానం, సహచరి సతూ సబాలీది రెండోది, రూతీ హెబార్డ్‌ది ఎనిమిదోది.

న్యూయార్క్‌ లిబర్టీ తరఫున మూడో మ్యాచ్‌లోనే చీలమండ గాయం ఆమెను ఆ సీజన్‌కి దూరం చేసింది. కోలుకుని నిలబడింది. 2024లో పారిస్‌ ఒలింపిక్స్‌ స్వర్ణం గెలిచిన జట్టులో సభ్యురాలైంది. అదే అక్టోబరులో లిబర్టీకి తొలి టైటిల్‌ దక్కింది. ఆ చివరి మ్యాచ్‌లో సబ్రీనా 19 సార్లు గురిపెడితే బుట్టలో పడింది ఒక్కటే. అయినా జట్టు గెలిచింది. కాలేజీలో చేజారిన సంబరం అలా, తోటివాళ్లు వేసిన పాయింట్లతో ఆమె ఇంటికొచ్చింది.