మిక్సీ అడుగున రాసిన మాట

మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా అమ్మాయి వాళ్ళింటికి వచ్చిన మర్నాడే మా ఆవిడ కొబ్బరి పచ్చడి చేస్తానని మిక్సీ బయటికి తీసింది. హైదరాబాదు నుంచి చీరల మధ్య చుట్టి, పెట్టెలో భద్రంగా తెచ్చుకున్న మిక్సీ. ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి స్విచ్చి వేస్తే నీరసంగా మూలిగి, రెండు చుట్లు తిరిగి, కొబ్బరి ముక్కల దగ్గర ఆగిపోయింది.

పన్నెండేళ్ళ మా మనవరాలు దాన్ని తిరగేసి చూసింది. అడుగున చిన్న రేకు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది. ఇక్కడి గోడలో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే గానీ వోల్టులను మార్చదు. పక్కనే నా ఫోను ఛార్జరు మాత్రం హాయిగా పనిచేస్తోంది. దాని మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉంది. రెండు దేశాల కరెంటునీ దృష్టిలో పెట్టుకుని తయారుచేశారన్నమాట.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫోను తెర మీద అప్‌డేట్ చేసుకోమని సందేశం వచ్చింది. "నొక్కేయనా తాతయ్యా?" అంది పిల్ల. "ఆగమ్మా" అన్నాను.

ఎందుకు ఆగమన్నానో చెబుతాను. యాప్ అంటే తన కాళ్ళ మీద తాను నిలబడే వస్తువు అనుకుంటాం. కాదు. మిక్సీకి గోడలోని కరెంటు ఎలాగో, యాప్‌కి ఫోనులోని ఆపరేటింగ్ సిస్టమ్ అలాగ. తెర మీద అక్షరం గీయాలన్నా, కెమెరా తెరవాలన్నా, బ్లూటూత్ వినాలన్నా దాన్నే అడగాలి.

ఇది మన తెలుగు అక్షరంతోనే లోకానికి తెలిసొచ్చిన సందర్భం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఎవరైనా ఐఫోనుకి ఒక తెలుగు అక్షరం పంపితే చాలు, అది కనబడిన యాప్ మూతపడిపోయేది. "జ్ఞానం" అన్న మాటలో మొదటి అక్షరమే అది. జ, దాని కింద ఞ ఒత్తు, పైన దీర్ఘం. వీటి మధ్య కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి దూరింది. మామూలుగా "జ్ఞానం" అని రాస్తే ఏమీ కాదు, ఆ కనబడని గుర్తుతో వస్తేనే చిక్కు. మెసేజీల యాప్ పోయింది, వాట్సాప్ పోయింది, మెయిలు యాప్‌లూ పోయాయి. తప్పు వాట్సాప్‌ది కాదు. తెలుగు అక్షరాలు పేర్చి గీసే పని వాట్సాప్ చేయదు, ఐఫోనులోని ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ చేసిపెడుతుంది. గీసే చెయ్యి తడబడితే దాని మీద ఆధారపడ్డ యాప్‌లన్నీ ఒక్కసారిగా పడ్డాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. కాబట్టి అప్‌డేట్ అంటే ఎప్పుడూ భయపడాల్సిన పని లేదు. ఆ రోజు మందు అదే.

కానీ అప్‌డేట్‌తో కొన్ని పాత వాడుకలు పోతాయి. 2017 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 11లో 32 బిట్ల యాప్‌లు ఇక తెరుచుకోలేదు. 32 బిట్లతో రాయగల మెమరీ చిరునామాలు 429 కోట్ల చిల్లర, అంటే నాలుగు జీబీల మెమరీ దాకానే. కొత్త ఫోన్లు 64 బిట్లకు వెళ్ళాక పాతవాటి కోసం రెండో వంటిల్లు నడపడం భారమైంది, మూసేశారు.

ఆండ్రాయిడ్‌లో నాకే తగిలింది. పదేళ్ళకు పైగా వాడిన పంచాంగం యాప్‌ను కొత్త ఫోనులోకి తెచ్చుకోబోతే ఎక్కనంది. ప్రతి ఆండ్రాయిడ్ యాప్ లోపలా ఫలానా వెర్షనుకు తగ్గట్టు చేశామని ఒక అంకె రాసి ఉంటుంది, మిక్సీ రేకులాగే. కొత్త ఆండ్రాయిడ్ ఆ అంకె చదివి, చాలా విషయాల్లో పాత పద్ధతినే నడవనిస్తుంది. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ అనుకోండి. అయితే 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14, 2015 నాటి ఆండ్రాయిడ్ 6 కంటే పాత అంకె ఉన్న యాప్‌లను కొత్తగా ఎక్కనివ్వదు. ముందే ఉన్నవాటిని తీసేయదు, కొత్తవాటికే తలుపు మూసింది. కారణం మంచిదే. ఆరుకి ముందు యాప్‌లు ఎక్కేటప్పుడే అన్ని అనుమతులూ ఒక్కసారిగా తీసేసుకునేవి. ఆ పాత అంకె వేసుకుని దొంగ యాప్‌లు దూరడం మొదలుపెట్టాయి. నా పంచాంగం మంచిదే, కానీ తయారుచేసినవాళ్ళు దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. దాన్ని వదులుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

పంచాంగం పోతే గుడిలో అడగొచ్చు. ఆడమ్స్ రోడ్డులో భారతీయ టెంపుల్ ఉంది. కానీ మా ఆవిడ చేతికి అతికించిన షుగర్ సెన్సర్ సంగతి వేరు. అది కొద్ది నిమిషాలకోసారి ఫోనుకి అంకె పంపుతుంది, షుగర్ బాగా పడిపోతే యాప్ మోగుతుంది. అప్‌డేట్ తర్వాత అది మోగకపోతే నిద్రలో ఉన్న మనిషికి ఎవరు చెబుతారు? 2025 ఫిబ్రవరిలో అమెరికాలో మందులు, వైద్య పరికరాల సంగతి చూసే ఎఫ్‌డీఏ ఇదే విషయమై హెచ్చరించింది. ఇలాంటి పరికరాలు వాడేవాళ్ళు దానంతటది అయ్యే అప్‌డేట్ ఆపుకోవాలని, కొత్త వెర్షనుకు తమ యాప్ పనిచేస్తుందని తేల్చుకున్నాకే అప్‌డేట్ చేయాలని, చేశాక మోతల సెట్టింగులు చూసుకోవాలని చెప్పింది.

మనవరాలు సెన్సర్ కంపెనీ పేజీ తెరిచి, ఏ ఫోను, ఏ వెర్షను అన్న పట్టిక మీద వేలు పెట్టి కిందికి చదివింది. అమ్మమ్మ ఫోను ఉంది గానీ కొత్త వెర్షను అంకె లేదు. "లేదు తాతయ్యా" అని, సెట్టింగుల్లోకి వెళ్ళి రాత్రిపూట దానంతటదే అయ్యే అప్‌డేట్ ఆపేసింది.

మూడు వారాలకు ఆ అంకె పట్టికలో చేరింది. శనివారం ఉదయం, అందరం ఇంట్లో ఉన్నప్పుడు, వేలు గుచ్చి చూసే పాత మీటరు పక్కన పెట్టుకుని అప్‌డేట్ నొక్కాం. ఫోను మళ్ళీ లేచాక బ్లూటూత్ అనుమతి అడిగింది, ఇచ్చాం. సెన్సర్ 128 చూపించింది, మీటరు 121. మోతలు ఆన్‌లో ఉన్నాయో లేదో పిల్ల ఒక్కొక్కటీ చూసింది. అప్పుడు మా ఆవిడ, అల్లుడు కొనుక్కొచ్చిన 120 వోల్టుల మిక్సీలో కొబ్బరి వేసింది.